అత్తయ్యగారి పింగాణీ పళ్ళేలు మొజాయిక్‌కి కోయడం ఎలా?

వాణి, మారతహళ్ళి
అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారి పింగాణీ పళ్ళేలు ఆరు. ఒంగోలు నుంచి సామాను తెచ్చేటప్పుడు అంచులు చిట్లాయి. చుట్టూ నీలం తీగ, మధ్యమధ్య చిన్న గులాబీలు. పారేయడానికి మనసు రాలేదు. బాల్కనీలో తులసి కుండీకి ముక్కలు పేర్చి మొజాయిక్‌లా అతికిద్దామని ఒకటి తువాలులో చుట్టి సుత్తితో కొట్టాను. పువ్వులన్నీ సగాలైపోయాయి. సూదుల్లాంటి పలుకులు తువాలుకి గుచ్చుకుని ఇంకా రావట్లేదు. పువ్వు చెడకుండా కోసే దారి చెప్పండి.

రమేశ్, విజయనగర్
సుత్తి వద్దండీ. రెండు చిన్న చక్రాలుండే నిప్పర్, అంటే పింగాణీని కొరికి కోసే చేతి పనిముట్టు, కొనండి. నేను బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో కొన్నాను. ఉత్త టైల్ నిప్పర్ అని అడిగితే పటకారులాంటిది ఇచ్చారు, కాబట్టి చక్రాలది అని విడిగా చెప్పాలి.

పళ్ళెం అంచు నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే చక్రాల మధ్యకు రావాలి. లోపలిదాకా తోస్తే ముక్కచెక్కలవుతుంది. చక్రాలు ఎటు చూస్తుంటే బీట దాదాపు అటే పోతుంది. నెమ్మదిగా నొక్కండి, టక్కుమని బీట అవతలి అంచుదాకా పాకుతుంది. ముందు రెండు సగాలు చేసి, తర్వాత పూల అంచును నడిమి భాగం నుంచి విడదీయండి. పువ్వు దగ్గరికొచ్చాక మాత్రం ఒక్కసారిగా కోయకూడదు, చుట్టూ కొద్దికొద్దిగా కొరుకుతూ రావాలి.

సుజాత, కోరమంగళ
వాణి గారూ, అడుగున గుండ్రటి గట్టు ఉంటుంది చూడండి, బీట అక్కడ దారి తప్పుతుంది. ఆ గట్టు ముక్కలు మందం కూడా. నేను వాటిని వాడను.

కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. ఆ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పళ్ళెం తడిపి కోస్తే దుమ్ము లేవదు. తర్వాత నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. పాత పళ్ళేల మెరుపు పూతలో సీసం ఉండొచ్చు, అందుకని వంటింట్లో కోయకండి.

కిరణ్, వైట్‌ఫీల్డ్
ముందు అది పింగాణీయేనా చూసుకోండి అక్కా. పాలలా తెల్లగా, పల్చగా ఉండే ప్లేట్లు కొన్ని టఫెన్ చేసిన, అంటే గట్టిపరిచిన, గాజువి. నేను తెలియక ఒకటి నిప్పర్‌తో నొక్కాను, చేతిలోనే పేలినట్టు చెదిరింది. రెండు రోజుల తర్వాత కూడా సోఫా కింద పలుకులు దొరికాయి. తిరగేసి గట్టు కొసను వేలితో తడమండి. పింగాణీకి అక్కడ సాధారణంగా పూత ఉండదు, గరుగ్గా తగులుతుంది. గాజైతే అంతా నున్నగా ఉంటుంది.

పద్మ, జయనగర్
తులసికి రోజూ నీళ్ళు పోస్తారు కదా, మామూలు తెల్ల జిగురు నిలవదు. సిమెంటు టైల్ అడెసివ్ వాడండి. మట్టి కుండీ అయితే లోపల వాటర్‌ప్రూఫ్ పూత వేయండి, లేకపోతే తడి బయటికి ఊరి ముక్కలు ఊడిపోతాయి. ముక్కల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి.

చండీగఢ్ రాక్ గార్డెన్ చూశారా? నేక్ చంద్ గారు పగిలిన పింగాణీ, గాజులతో చేసిన బొమ్మలు 1976 నుంచి జనం చూస్తున్నారు. అక్కడ నిలబడ్డప్పుడే నాకు ఈ పనిమీద ప్రేమ పుట్టింది.

వాణి, మారతహళ్ళి
గట్టు గరుగ్గానే ఉంది, పింగాణీయే! నిప్పర్ తెచ్చాను. రెండో పళ్ళెంలో ఎనిమిది గులాబీలకి ఆరు నిండుగా వచ్చాయి. ముక్కలన్నీ అతికించేశాను, ఆదివారం సందులు నింపే గ్రౌట్ వేస్తాను. తెలుపు బాగుంటుందా, బూడిద రంగా?

పద్మ, జయనగర్
బూడిదే వేయండి. తెలుపైతే పళ్ళెం తెలుపులో కలిసిపోయి పువ్వు విడిగా తేలదు, మట్టి మరకలూ పట్టేస్తాయి. దోసె పిండి కన్నా గట్టిగా కలపండి. కాసేపు ఆరనిచ్చి, గట్టిపడకముందే పిండిన స్పాంజితో తుడవండి. బంగారు గీతలుంటే రుద్దకండి, గీసుకుపోతాయి.