ఎవర్టన్, లివర్‌పూల్: ‘దాయాదుల పోరు’ అనొచ్చా?

స్పోర్ట్స్ డెస్క్ కుర్రాడు:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక వెబ్‌సైట్‌కి ఆటల వార్తలు రాస్తుంటాను. ఆ మధ్య ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ మీద రాస్తూ ‘దాయాదుల పోరు’ అని హెడ్డింగ్ పెట్టాను. మా సీనియర్ కొట్టేసి ‘చిరకాల ప్రత్యర్థుల సమరం’ చేశారు. దాయాదులంటే ఇండియా, పాకిస్తాన్ మాత్రమేనట, ఇంగ్లండ్ క్లబ్బులకు తగిలిస్తే చదివేవాళ్లు తికమక పడతారట. పోనీ ‘డెర్బీ’ అని వదిలేద్దామంటే మన వాళ్లలో సగం మందికి అది గుర్రప్పందెం. ఏది రాయాలి?

పాత ప్రూఫ్‌రీడర్:
గుర్రప్పందెమే తమ్ముడూ. 1780లో డెర్బీ ఎర్ల్ పేరు మీద ఎప్సమ్‌లో మొదలైంది. ఒకే ఊరి జట్ల ఆటకి ఆ పేరు ఎలా అంటుకుందో ఎవరి కథ వాళ్లు చెప్తారు, దాని జోలికి నేను పోను.

‘దాయాది’కి మాత్రం ఒక లెక్కుంది. దాయం అంటే తాతతండ్రుల నుంచి వచ్చిన ఆస్తి. అందులో వాటా పుచ్చుకునేవాడు దాయాదుడు, వాడుకలో దాయాది. పక్కింటివాడితో ఎంత గొడవపడినా వాడు దాయాది కాడు. మేనమామ కొడుకూ కాడు. పైగా మన పాత కావ్యాల్లో ‘దాయ’ అంటే జ్ఞాతి, ‘దాయ’ అంటేనే శత్రువు కూడా. ఎందుకలా అయిందో ఆస్తి పంపకాలు చూసిన ఇళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇండియా, పాకిస్తాన్‌లకి పత్రికలు ఈ మాట కట్టబెట్టిందీ 1947 పంపకాన్ని బట్టే.

మీ సీనియర్ గారి ‘ప్రత్యర్థి’ కూడా తక్కువదేం కాదు. ధర్మశాస్త్రాల్లో అర్థి అంటే వాది, ప్రత్యర్థి అంటే ప్రతివాది. కోర్టు మాట. ఇప్పుడు ఎన్నికల్లో, ఆటల్లో, టీవీ చర్చల్లో ఎదుట నిలబడ్డ ప్రతివాడికీ వాడేసి దాని పదును పోగొట్టాం.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు నిఘంటువులో దొరకదు. ఆ రెండు క్లబ్బులూ ఎప్పుడన్నా ఒకే కప్పు కింద ఉన్నాయా, వాటాల దగ్గర తెగతెంపులయ్యాయా అన్నది తేలాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మెర్సీ ఒడ్డు డాక్టరు:
మాస్టారూ, నేనుండేది లివర్‌పూల్‌లోనే. మీరు అడిగినవి రెండూ జరిగాయి.

1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి కుర్రాళ్లు ఒక జట్టు కట్టారు. స్టాన్లీ పార్కులో ఆడేవాళ్లు. మరుసటి ఏడాది చర్చికి బయటివాళ్లు కూడా చేరడంతో పేటపేరు మీద ఎవర్టన్ అని మార్చుకున్నారు. 1884లో ఆన్‌ఫీల్డ్ రోడ్డులో ఒక గ్రౌండ్ దొరికింది. చూపించినవాడు జాన్ హూల్డింగ్, బీరు తయారీ వ్యాపారి, కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు. కొన్నాళ్లకి ఆ స్థలం ఆయనే కొనేశాడు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునేది ఆయన శాండన్ హోటల్లో. గ్రౌండ్‌లో తిండీ తాగుడూ అమ్ముకునే హక్కూ ఆయనదే. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఇప్పుడు లివర్‌పూల్ అభిమానులు ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకునే ఆన్‌ఫీల్డ్‌లో 1891లో లీగ్ ఛాంపియన్ అయింది ఎవర్టన్. లివర్‌పూల్ అనే క్లబ్బు అప్పటికి పుట్టనే లేదు.

క్లబ్బు పెరిగేకొద్దీ అద్దె కూడా పెరిగింది. 100 పౌండ్లతో మొదలై 250కి వచ్చింది. స్థలం క్లబ్బే కొనుక్కోవాలని హూల్డింగ్ ఒక లెక్క చెప్పాడు, సభ్యులు ఒప్పుకోలేదు. వాళ్లకి పెద్దదిక్కు జార్జ్ మహోన్, అదే చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి, లిబరల్. ఒకవైపు బీరు కొట్టు, ఒకవైపు మద్యం వద్దనే చర్చి. అసలు కారణం అద్దా, తాగుడా, రాజకీయమా అని చరిత్ర రాసేవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే మూడూ.

1892 మార్చిలో తెగిపోయింది. మహోన్ పక్షం పార్కుకి అటువైపు గుడిసన్ పార్కు కట్టుకుని వెళ్లిపోయింది. హూల్డింగ్‌కి గ్రౌండ్ మిగిలింది, ఆడటానికి జట్టు లేదు. ఆయన ఊరుకోలేదు, ‘ఎవర్టన్’ పేరు కూడా తనదేనన్నాడు, ఆ పేరుతో కంపెనీ రిజిస్టర్ చేయించాడు. ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ఒప్పుకోలేదు, పేరు వెళ్లిపోయినవాళ్లకే దక్కింది. అప్పుడు పెట్టుకున్న పేరే లివర్‌పూల్. స్కాట్లాండ్ నుంచి ఆటగాళ్లని తెచ్చి జట్టు నింపారు. వాళ్లు మొదట వేసుకున్నది నీలం, తెలుపు చొక్కాలే. ఎరుపు 1896లో వచ్చింది.

ఇల్లు ఒకరికి, ఇంటిపేరు ఇంకొకరికి. ఇది దాయాదుల తగాదా కాకపోతే ఏది దాయాదుల తగాదా మాస్టారూ?

ఇందూరు టీచరమ్మ:
మా దిక్కు దాయాదులు అనం, పాలోళ్లు అంటం. పాలు అంటే వాటా, అర్థం అదే. అయితే పాలోళ్లు అని తేలేది వాటా దగ్గర ఒక్కటే కాదు సార్. చావు దగ్గర కూడా. ఏండ్ల నుంచి మాటల్లేకున్నా సరే, పాలోళ్ల ఇంట్ల పీనుగు లేస్తే మైల పట్టాలె, పండుగ చేసుకోవద్దు. వాటా ఒక పరీక్ష అయితే మైల ఇంకో పరీక్ష. మీ రెండు క్లబ్బులు ఈ రెండోది దాటుతయా?

మెర్సీ ఒడ్డు డాక్టరు:
టీచరమ్మా, మంచి ప్రశ్న వేశారు.

1989 ఏప్రిల్ 15. ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌లో రెండు సెమీఫైనళ్లు ఒకే రోజు. ఎవర్టన్ బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో నార్విచ్ మీద 1-0తో గెలిచింది. అదే సమయానికి షెఫీల్డ్ హిల్స్‌బరోలో లివర్‌పూల్ అభిమానులు ఇరుకు కంచెల మధ్య నలిగిపోయారు. ఆ దుర్ఘటన లెక్క ఇప్పటికి 97 మంది. ఎవర్టన్ వాళ్లు ఫైనల్ చేరిన సంబరం చేసుకోలేదు. ఈ ఊళ్లో ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం ఉంటారు. పోయినవాళ్లు ఎవరి మనుషులని విడదీసి చెప్తారు?

వారం తిరిగేసరికి గుడిసన్ నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా, స్టాన్లీ పార్కు మీదుగా, మెడ స్కార్ఫులు ఒకదానికొకటి ముడివేసి కట్టారు. మైలు పొడవున నీలం, ఎరుపు, మళ్లీ నీలం. లివర్‌పూల్ తిరిగి లీగ్ ఆట మొదలుపెట్టింది మే 3న, గుడిసన్‌లో, ఎవర్టన్ మీద. గోల్ లేకుండా ముగిసింది. మే 20న ఫైనల్ కూడా ఈ ఇద్దరి మధ్యే. లివర్‌పూల్ 3-2తో గెలిచింది.

2012లో హిల్స్‌బరో మీద స్వతంత్ర కమిటీ నివేదిక వచ్చి, తప్పు అభిమానులది కాదని తేల్చాక, గుడిసన్‌లో ఆ తర్వాతి మ్యాచ్‌కి ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మైదానంలోకి వచ్చారు. పాప ఎవర్టన్ చొక్కాలో, బాబు లివర్‌పూల్ చొక్కాలో. ఒకరి వీపు మీద 9, ఇంకొకరి వీపు మీద 6. అప్పటికి చనిపోయినవాళ్ల సంఖ్య 96. మైల పట్టారనే నేను అంటాను.

గుంటూరు గన్నర్:
అన్నా, బాగుంది కానీ మరీ తీపి ఎక్కువైంది. ప్రీమియర్ లీగ్‌లో ఎక్కువ రెడ్ కార్డులు పడింది ఈ జంట మధ్యే. ‘ఫ్రెండ్లీ డెర్బీ’ అని ఇంకా ఎవరన్నా రాస్తే నవ్వొస్తుంది. 1985 సంగతి చెప్పలేదేం?

మెర్సీ ఒడ్డు డాక్టరు:
అక్కడికే వస్తున్నా తమ్ముడూ. 1985లో ఎవర్టన్ లీగ్ ఛాంపియన్. యూరప్‌లో కప్ విన్నర్స్ కప్ కూడా గెలిచింది. మరుసటి సీజన్‌లో యూరోపియన్ కప్ ఆడాలి. అదే మే 29న బ్రస్సెల్స్ హైసల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్‌కి ముందు లివర్‌పూల్ అభిమానులు మీదికి దూసుకెళ్లడంతో గోడ కూలి 39 మంది చనిపోయారు. ఇంగ్లండ్ క్లబ్బులన్నిటినీ యూరప్ నుంచి బహిష్కరించారు. 1987లో ఎవర్టన్ మళ్లీ ఛాంపియన్ అయినా బయటికి పోయే దారి లేదు. క్లబ్బు చరిత్రలోనే గొప్ప జట్టు ఇంట్లోనే ముసలిదైపోయింది.

మా హాస్పిటల్లో ఒక పెద్ద నర్సుంది, నీలం మనిషి. డెర్బీ ఓడిన మరుసటి పొద్దున ఆవిడ కప్పులో టీ ఎవరూ పొయ్యకూడదు, ఆవిడే పోసుకుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. హైసల్ ప్రస్తావన వస్తే మాత్రం గొంతు మారుతుంది. “ఆళ్లు చేసినదానికి మేం కట్టాం” అనే అర్థం వచ్చే మాట ఒకటి అంటుంది, ఇక్కడ రాయడం బాగోదు. అదే మనిషి ఏప్రిల్ 15న బ్యాడ్జీ పెట్టుకోకుండా డ్యూటీకి రాదు.

పాత ప్రూఫ్‌రీడర్:
గన్నర్ బాబూ, దాయాదుల మధ్య ప్రేమ ఉండాలని ఎవరన్నారు? జ్ఞాతి ఉన్నచోట వేరే నిప్పెందుకని మన నీతిశ్లోకమే అంది. మామూలు ప్రత్యర్థి వల్ల ఆట పోతుంది. దాయాది చేసిన నిర్వాకానికి మనింటికి నోటీసొస్తుంది. 1985 ముచ్చట నా మాటకి బలమే గాని దెబ్బ కాదు.

స్పోర్ట్స్ డెస్క్ కుర్రాడు:
అయితే లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్‌కి కూడా ఇదే వాడొచ్చా సార్? గొడవ దాంట్లోనే ఎక్కువ కదా.

మెర్సీ ఒడ్డు డాక్టరు:
వద్దు. వాళ్లు పంచుకున్నదేమీ లేదు, ఊళ్లే వేరు. వాళ్లది నీళ్ల తగాదా. మాంచెస్టర్ సరుకంతా లివర్‌పూల్ రేవు మీదుగా పోవాలి, రేవు సుంకాలు కట్టలేక ఆ ఊరివాళ్లు సముద్రం నుంచి నేరుగా 58 కిలోమీటర్ల ఓడల కాలవ తవ్వుకున్నారు. 1894 జనవరి 1న ఓడలు నడిచాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూటన్ హీత్‌ని లివర్‌పూల్ 2-0తో ఓడించి కింది డివిజన్‌కి పంపింది. ఆ న్యూటన్ హీత్ తర్వాత పెట్టుకున్న పేరు మాంచెస్టర్ యునైటెడ్. వాళ్ల చిహ్నంలో ఓడ ఆ కాలవకి గుర్తని చాలామంది చెప్తారు గాని, మాంచెస్టర్ నగర చిహ్నంలో ఓడ 1842 నుంచే ఉంది.

ఇంకో తేడా చూడండి. యునైటెడ్ నుంచి లివర్‌పూల్‌కి నేరుగా వచ్చిన చివరి ఆటగాడు ఫిల్ చిస్నాల్, 1964లో. తర్వాత అటూ ఇటూ ఎవరూ మారలేదు. మా ఊళ్లో పీటర్ బియర్డ్‌స్లీ 1991లో ఎరుపు వదిలి నీలంలోకి వెళ్లాడు, నిక్ బార్మ్‌బీ 2000లో నీలం వదిలి ఎరుపులోకి వచ్చాడు. తిట్లు పడ్డాయి, అయినా దారి మూసుకుపోలేదు.

పాత ప్రూఫ్‌రీడర్:
డాక్టరు గారూ, నీళ్ల తగాదా అన్నారు చూడండి, భలే కుదిరింది. ఇంగ్లీషు ‘రైవల్’కి మూలమైన లాటిన్ మాటకి అర్థం ఒకే ఏటి నీళ్లు వాడుకునేవాడు అని. వాళ్లకి ఏరు, మనకి ఆస్తి. ఆ మ్యాచ్‌కి రైవల్ అనో, బద్ధ వైరి అనో రాసుకోవచ్చు.

గుంటూరు గన్నర్:
మా ఆర్సెనల్, టోటెన్‌హామ్‌ల మాటేంటి మరి?

మెర్సీ ఒడ్డు డాక్టరు:
మీది గట్టు తగాదా తమ్ముడూ, అదీ గట్టు జరిపింది మీరే. 1913 దాకా మీ క్లబ్బు థేమ్స్‌కి అవతల ప్లమ్‌స్టెడ్‌లో ఉండేది. నది దాటొచ్చి టోటెన్‌హామ్ పక్కనే హైబరీలో దిగారు. యుద్ధం అయ్యాక 1919లో మొదటి డివిజన్‌ని పెంచినప్పుడు మీరు పైకెక్కారు, వాళ్లు కిందికి జారారు.

గుంటూరు గన్నర్:
రిజిస్ట్రేషన్ కాయితాలన్నీ మా దగ్గర పక్కాగానే ఉన్నాయన్నా.

స్పోర్ట్స్ డెస్క్ కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. ఈ చర్చంతా మా సీనియర్ గారికి పంపించాను. ‘దాయాధుల పోరు’కి ఓకే అన్నారు, కాకపోతే మొదటి పేరాలోనే 1892 అద్దె గొడవ రెండు ముక్కల్లో చెప్పాలట. ‘పాలోళ్ల పోరు’ అని అడిగి చూశాను టీచరమ్మా, హైదరాబాద్ ఎడిషన్‌కి ఆలోచిద్దాం అన్నారు.

పాత ప్రూఫ్‌రీడర్:
ముందు ఆ ‘ధు’ని ‘దు’ చెయ్యి. దాయాదికి ఒత్తు లేదు.