రిడెండెన్సీలో తీసేశాక కూడా నాన్-కాంపీట్ నిలుస్తుందా? (ఇంగ్లండ్ కాంట్రాక్టులు)

కృష్ణాతీరం: "మీ పోస్టు ఇక లేదు" అని కంపెనీయే పంపేసి, ఆరు నెలలు పోటీ కంపెనీలో చేరొద్దంటే ఎలాగండీ? ఇండియాలో అయితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద ఇలాంటి షరతు చెల్లనే చెల్లదు. ఇక్కడా కోర్టు ఒప్పుకోదనే నా వాదన.

పాతఫైలు: సెక్షన్ 27ని ఇక్కడికి తేకండి. ఇంగ్లండ్‌లో చూసేవి వేరు. కంపెనీ కాపాడుకోదగ్గది ఏమైనా ఉందా (క్లయింట్లు, రహస్యాలు, టీమ్), షరతు అందుకు అవసరమైనంత మేరకే ఉందా అని. అదీ సంతకం పెట్టిన నాటి పరిస్థితిని బట్టి తేలుస్తారు. ఉద్యోగం తర్వాత ఎలా పోయిందన్నది ఆ లెక్కలోకి రాదు.

కృష్ణాతీరం: మరి జనరల్ బిల్‌పోస్టింగ్ కేసు? యజమానే కాంట్రాక్టు మీరి తీసేస్తే ఉద్యోగి మీద ఆంక్షలు ఉండవని 1909లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిందిగా.

పాతఫైలు: మీరితేనే! రిడెండెన్సీ దానంతటదే మీరడం కాదు. చూడాల్సింది నోటీసు. కాంట్రాక్టులో 8 వారాలుంటే, 4 వారాల జీతం ఇచ్చి ఆ పూటే లాప్‌టాప్ తీసేసుకున్నారనుకోండి, అది ఉల్లంఘన. పూర్తి 8 వారాల జీతం ఇచ్చినా, నోటీసు బదులు జీతమిచ్చే హక్కు కాంట్రాక్టులో రాసి లేకపోతే అదీ ఉల్లంఘనే. చట్టం చెప్పే కనీస నోటీసు కూడా సరిచూసుకోండి: రెండేళ్ల సర్వీసు దాటాక ఏడాదికో వారం, గరిష్ఠం 12. "ఉద్యోగం ఏ కారణంగా ముగిసినా ఆంక్షలు వర్తిస్తాయి" అన్న వాక్యం కంపెనీని ఇక్కడ గట్టెక్కించదు. కానీ తీసేసే ముందు జరపాల్సిన కన్సల్టేషన్ మొక్కుబడిగా చేశారు, ఎవర్ని తీసేయాలో తేల్చే స్కోరింగ్ అన్యాయం అన్నవి ట్రిబ్యునల్లో పరిహారానికి పనికొస్తాయి గానీ, వాటితోనే షరతులు పోవు.

మార్జిన్‌నోట్: ఇద్దరూ అసలు ఉచ్చు వదిలేశారు: సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ (కంపెనీ సొమ్మిస్తే ఉద్యోగి కేసులు వేయనని రాసిచ్చే ఒప్పందం). నోటీసు తప్పుతో షరతులు పోయినా, అందులో "పాత ఆంక్షలన్నీ మళ్లీ ఒప్పుకుంటున్నాను" అని ఒక పేరా ఉంటుంది, దానికి కొద్దిపాటి సొమ్ము విడిగా చూపిస్తారు. సంతకం చేస్తే పోయినవి తిరిగొస్తాయి. ఉద్యోగం పోయినందుకిచ్చే పరిహారానికుండే 30,000 పౌండ్ల పన్ను మినహాయింపూ ఆ సొమ్ముకి వర్తించదు, జీతం మీద పడ్డట్టే పన్ను పడుతుంది. ఎలాగూ స్వతంత్ర సలహాదారు చూడకుండా ఆ అగ్రిమెంట్‌లో చట్టం ఇచ్చిన హక్కులు వదులుకోవడం చెల్లదు కాబట్టి, ఆ పేరా కొట్టేయమనో, నెలలు తగ్గించమనో అప్పుడే అడిగించండి. గార్డెన్ లీవ్‌లో (నోటీసు కాలంలో జీతమిస్తూ పనికి రావొద్దని ఇంట్లో ఉంచడం) గడిపిన కాలాన్ని ఆంక్ష కాలంలోంచి మినహాయించమనీ అడగండి.

కృష్ణాతీరం: సరే, ఆ విభాగాన్నే పూర్తిగా మూసేస్తే? ఇక కాపాడుకునేదేముంది?

మార్జిన్‌నోట్: మీ పాయింట్లలో బలమైనది ఇదే. ఇంజంక్షన్ (షరతు మీరొద్దని కోర్టిచ్చే నిషేధ ఉత్తర్వు) ఇవ్వడం కోర్టు విచక్షణ. లేని వ్యాపారాన్ని కాపాడమంటూ వచ్చే కంపెనీకి అది దొరకడం కష్టం. అయితే ఒక్క మాట అతిగా ఉంది కాబట్టి క్లాజు మొత్తం కూలుతుందని ధీమా పడొద్దు. 2019లో టిల్‌మన్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, పోటీ కంపెనీలో షేర్లున్నా కూడదనే "ఇంటరెస్టెడ్" అన్న భాగాన్ని కొట్టేసి మిగతా ఆరు నెలల నాన్-కాంపీట్‌ని నిలబెట్టింది.

పాతఫైలు: దానికి ఒప్పుకుంటా. ఇంకోటి: కొత్త ఉద్యోగంలో చేరాక పాత కంపెనీ లాయర్ లెటరొస్తే, దాంతో పాటు పంపే, ఆంక్షలు పాటిస్తాననే హామీపత్రం మీద భయపడి సంతకం చేయకండి. దానితో కొత్త బాధ్యత మొదలవుతుంది. పాత క్లయింట్లతో మెయిళ్లు మాత్రం వెంటనే ఆపండి. నాన్-కాంపీట్ కంటే క్లయింట్ల మీది ఆంక్షనే కోర్టులు తేలిగ్గా నిలబెడతాయి.