మైక్రోబియల్ ఫోరెన్సిక్స్‌కి ఉమ్మడి పరిశోధన కేంద్రం: మొదటి దశలో డబ్బు దేనిమీద పెట్టాలి?

పునాదిరాయి:
హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ మైక్రోబయాలజీ విభాగం, ఒక వెటర్నరీ కాలేజీ, ఒక ఫోరెన్సిక్ ల్యాబ్ కలిసి మైక్రోబియల్ ఫోరెన్సిక్స్ (కేసుల్లో సూక్ష్మజీవి ఎక్కడినుంచి వచ్చిందో తేల్చే శాస్త్రం) కేంద్రం పెట్టాలనుకుంటున్నాయి. కాన్సెప్ట్ నోట్ రాసే పని నాది. కలుషితాహారం కేసులు, పశువుల్లో ఆంత్రాక్స్, ఆసుపత్రిలో ఒకరినుంచి ఒకరికి అంటిన ఇన్ఫెక్షన్లు: ప్రస్తుతానికి పరిధి ఇంతే. డ్రాఫ్టులో సగానికి పైగా డబ్బు బీఎస్‌ఎల్-3 గదికీ (ప్రమాదకర సూక్ష్మజీవుల్ని పెంచే అధిక భద్రత ల్యాబ్), పెద్ద సీక్వెన్సర్‌కీ (డీఎన్ఏ అక్షరాలు చదివే మెషీన్) పోతోంది. ఇది సబబేనా? సీక్వెన్సర్ ఏ స్థాయిది తీసుకోవాలి? ఒప్పందంలో ఏం రాసుకోవాలి? రిపోర్టు మాత్రం కోర్టులో నిలబడాలి.

చలిపెట్టె:
సీక్వెన్సర్ సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లో రిఫరెన్స్ కలెక్షన్ (పోల్చి చూడటానికి దాచుకునే సూక్ష్మజీవుల భండారం) ఊసే లేదు, అసలు కేంద్రమంటే అదే. రెండు ఐసోలేట్లు (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) సరిపోలాయంటే ఆ పోలిక ఎంత అరుదో చెప్పగలగాలి. ఆంత్రాక్స్ బ్యాక్టీరియా స్పోర్‌గా (గట్టి పెంకులో నిద్రపోయే రూపంలో) మట్టిలో ఏళ్లతరబడి విభజన లేకుండా పడుంటుంది, అందుకే మ్యుటేషన్లు చాలా తక్కువ. విశాఖ ఏజెన్సీలో, పక్కనే కోరాపుట్‌లో దొరికేవన్నీ దాదాపు ఒకేలా ఉంటే, ‘అనుమానితుడి దగ్గర దొరికినదీ, చచ్చిన గొర్రెలో దొరికినదీ ఒకటే’ అన్న మాటకి విలువ లేదు. 2010 హైతీ కలరాలో మూలం నేపాల్ వైపు తేలిందంటే కారణం, అదే సంవత్సరం నేపాల్‌లో సేకరించిన 24 ఐసోలేట్లు పోల్చడానికి చేతిలో ఉండటం. వాటిలో కొన్నింటికీ హైతీవాటికీ ఒకటి రెండు బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) తేడానే.

కాబట్టి వెటర్నరీ కాలేజీ ఫ్రీజర్లలో ఉన్నవాటితో మొదలుపెట్టండి. తేదీ, ఊరు, జీపీఎస్, ఏ జంతువు, ఏ భాగం, ఎన్నో పాసేజ్ (ఎన్నోసారి తిరిగి పెంచింది) అన్నది ప్రతి వయల్‌కీ రాయాలి. పాసేజ్ నంబర్ లేనిది కోర్టు పనికి రాదు. 20 శాతం గ్లిజరాల్‌లో, మైనస్ 80లో పెట్టండి. అన్ని వయల్స్ ఒకే బిల్డింగ్‌లో ఉంచొద్దు: రెండు సంస్థల్లో, వేర్వేరు కరెంటు లైన్ల మీద. కొన్ని చండీగఢ్ ఇమ్‌టెక్ సంస్థలోని సూక్ష్మజీవుల భండారం ఎంటీసీసీకి కూడా ఇవ్వండి.

స్టాక్ చేసేటప్పుడు ఒక్క కాలనీనే (ప్లేటు మీద ఒకే కణం నుంచి పెరిగిన చుక్క) ఏరి పెట్టడం అందరికీ అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ స్పోర్లు పోస్టులో పంపిన ఉత్తరాల కేసులో మూలాన్ని పట్టించింది కల్చర్‌లో తక్కువ శాతంలో ఉన్న, ప్లేటు మీద వేరే రూపంలో కనిపించిన నాలుగు మార్పు రకాలు. వెయ్యికి పైగా శాంపిళ్లు సేకరిస్తే నాలుగూ ఉన్నవి ఎనిమిదే. ఒంటి కాలనీ ఏరితే ఆ మిశ్రమం పోయినట్టే. ప్లేటు మొత్తం తుడిచి ఒక వయల్, ఒంటి కాలనీతో ఇంకో వయల్ పెట్టండి. అదే కేసులో ఇంకో సంగతి: ఎఫ్‌బీఐ నియమాల ప్రకారం లేదని పారేసిన ఒక శాంపిల్‌కి జోడీ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీలో మిగిలింది. 2006లో దాన్నే పరీక్షించారు. రెండు చోట్ల దాచమనడం ఇందుకే.

బ్లాంక్‌ట్యూబ్:
పై మాటకి నా ఓటు. దానికి తోడు కంటామినేషన్. స్టెరైల్ అని రాసున్నంత మాత్రాన డీఎన్ఏ లేనట్టు కాదు, ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరైల్ చేసే యంత్రం) ప్రాణం తీస్తుంది గానీ డీఎన్ఏని పూర్తిగా తుడవదు. జర్మనీలో ఏళ్లపాటు పోలీసులు వెతికిన ‘హైల్‌బ్రాన్ ఫాంటమ్’ చివరికి, 2009లో, దూది స్వాబ్‌లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి డీఎన్ఏగా తేలింది. అది మనిషి డీఎన్ఏ, కాబట్టి దొరికింది. డీఎన్ఏని బయటికి తీసే ఎక్స్‌ట్రాక్షన్ కిట్లలో ఉండే నీటి బ్యాక్టీరియా, రాల్‌స్టోనియా లాంటివి, మెటాజినోమిక్స్‌లో (శాంపిల్లోని డీఎన్ఏ అంతటినీ ఒకేసారి చదవడం) నిజమైన ఫలితంలాగే కనబడతాయి. ఐఎస్ఓ 18385 (ఫోరెన్సిక్ సామాన్లలో డీఎన్ఏ కంటామినేషన్ తగ్గించే ప్రమాణం) మనిషి డీఎన్ఏ వరకే. మనకి కావాల్సిన పరీక్ష మనమే చేసుకోవాలి: కొత్త లాట్ రాగానే కొన్ని స్వాబ్‌లు, ఒక కిట్ ఖాళీగా నడిపి, సీక్వెన్స్ చేసి, లాట్ నంబర్‌తో ఫైల్ చేయండి.

సీన్ దగ్గర ఒక ఫీల్డ్ బ్లాంక్ (స్వాబ్ విప్పి, గాలికి చూపి, మళ్లీ మూసేది). ప్రతి ఎక్స్‌ట్రాక్షన్ బ్యాచ్‌కీ కనీసం ఒక ఖాళీ ట్యూబ్. ఆ ట్యూబ్‌ని పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు పెంచే దశ) దగ్గర ఆపేయకుండా సీక్వెన్సింగ్ దాకా పంపాలి, చాలా ల్యాబ్‌లు దొరికిపోయేది ఇక్కడే. పాజిటివ్ కంట్రోల్‌గా (పరీక్ష పనిచేస్తోందని చూపే శాంపిల్‌గా) ఆ బ్యాక్టీరియా మామూలు డీఎన్ఏ వాడితే అదే శాంపిల్లోకి దూరి కొంప ముంచుతుంది. టార్గెట్ మధ్యలో ఒక కృత్రిమ ముక్క చేర్చిన ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) చేయించుకుంటే లీకేజీ వెంటనే తెలుస్తుంది. రీఏజెంట్లు, ఎక్స్‌ట్రాక్షన్, పీసీఆర్ తర్వాతి పని మూడు వేర్వేరు గదుల్లో. మనుషులూ కోట్లూ ముందుకే పోవాలి, అదే రోజు వెనక్కి రాకూడదు. బిల్డింగ్ ప్లాన్‌లో ఈ గదులు లేకపోతే తర్వాత గోడలు పగలగొట్టాల్సిందే.

సీక్వెన్సర్‌కి లెక్క చూడండి. ఆంత్రాక్స్ జీనోం రెండు ప్లాస్మిడ్లతో కలిపి సుమారు 55 లక్షల బేస్‌లు. 100 రెట్ల కవరేజీకి (ప్రతి అక్షరాన్నీ సగటున 100 సార్లు చదవడానికి) 0.55 గిగాబేస్‌లు, అంటే 55 కోట్ల బేస్‌లు. మైసెక్ అనే చిన్న సీక్వెన్సర్ 600 సైకిళ్ల కిట్‌తో బాగా నడిస్తే 15 గిగాబేస్‌ల దాకా ఇస్తుంది, అంటే బ్లాంక్‌లతో కలిపి రన్‌కి 20 శాంపిళ్లు హాయిగా పడతాయి. మీ పరిధికి ఇది చాలు. పెద్ద మెషీన్ కొంటే శాంపిళ్లు నిండేదాకా కేసు ఆగుతుంది. పైగా ప్యాటర్న్‌డ్ ఫ్లోసెల్ (ముందే గుంటలు చేసిన చిప్) ఉన్నవాటిలో ఇండెక్స్ హాపింగ్ (శాంపిల్‌ని గుర్తించే డీఎన్ఏ ట్యాగ్ తారుమారవడం) ఎక్కువ, ఒక కేసు రీడ్స్ (చదివిన డీఎన్ఏ ముక్కలు) ఇంకో కేసులో తేలతాయి. ఏ మెషీనైనా రెండువైపులా యూనిక్ ఇండెక్స్‌లే వాడండి. తొందర పనికి, ప్లాస్మిడ్ల అమరికకి నానోపోర్ (పొడవైన డీఎన్ఏ ముక్కలు చదివే సీక్వెన్సర్) ఒకటి పక్కన ఉండొచ్చు. కానీ ఒకే అక్షరం వరసగా వచ్చే చోట దాని ఒక్కదాని మాట మీద తీర్పు చెప్పొద్దు.

సెక్షన్63:
కోర్టు సంగతి. యూనివర్సిటీ ప్రొఫెసర్ సంతకంతో వెళ్లే రిపోర్టుకీ ఎఫ్‌ఎస్‌ఎల్ (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టుకీ తేడా ఉంది. నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 329 (పాత సీఆర్‌పీసీ 293) కింద ప్రభుత్వ సైంటిఫిక్ నిపుణుల రిపోర్టు నేరుగా సాక్ష్యంగా వెళ్తుంది. మీ కేంద్రం ఆ జాబితాలోకి రావాలంటే ప్రభుత్వం నోటిఫై చేయాలి. అప్పటిదాకా ప్రొఫెసర్ భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39 కింద నిపుణుడిగా బోనెక్కి చెప్పాల్సిందే. నోట్‌లో ఈ నోటిఫికేషన్‌ని ఒక మైలురాయిగా పెట్టండి.

డేటా కూడా ఎలక్ట్రానిక్ రికార్డే. 2024 జులై 1 నుంచి అదే అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. మెషీన్ నుంచి రా ఫైల్ దిగగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి రిజిస్టర్‌లో ఎక్కించండి, విశ్లేషణ కాపీ మీదే. సాఫ్ట్‌వేర్ వెర్షన్, రిఫరెన్స్ జీనోం, ఫిల్టర్ల సెట్టింగులు కూడా రాయాలి. ఆరు నెలల తర్వాత అప్‌డేట్ అయిన పైప్‌లైన్‌లో (విశ్లేషణ సాఫ్ట్‌వేర్ల వరసలో) ఎస్‌ఎన్‌పీల (ఒక్క అక్షరం తేడాల) సంఖ్య మారితే డిఫెన్స్ లాయర్‌కి పండగే.

‘ఒకటే’ అనే పదం రిపోర్టులో రానివ్వకండి. ‘ఈ పద్ధతితో వేరు చేయలేకపోయాం’ అని రాసి, ఎన్ని ఐసోలేట్లతో పోల్చారో చెప్పండి. ఆ ఉత్తరాల కేసు మీదే 2011లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ, సైన్స్ సాక్ష్యం ఒక్కదానితో మూలాన్ని కచ్చితంగా తేల్చలేమంది. ‘కాదు’ అని చెప్పడంలోనే ఈ శాస్త్రానికి బలం ఎక్కువ. లిబియాలో పిల్లలకి హెచ్‌ఐవీ ఎక్కించారని విదేశీ నర్సుల మీద పెట్టిన బెంఘాజీ ఆసుపత్రి కేసులో, వాళ్లు 1998 మార్చిలో రాకముందే ఆ హెచ్‌ఐవీ రకం అక్కడ తిరుగుతోందని వైరస్ వంశవృక్షాలే చూపించాయి. అయినా అక్కడి కోర్టు వినలేదు, అది వేరే సంగతి.

పునాదిరాయి:
అందరికీ ధన్యవాదాలండీ. మరి బీఎస్‌ఎల్-3 పూర్తిగా తీసేయమంటారా?

చలిపెట్టె:
మొదటి దశలో తీసేయండి. సాల్మొనెల్లా, ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు బీఎస్‌ఎల్-2లో అయిపోతాయి. ఆంత్రాక్స్, బ్రూసెల్లా కల్చర్ పెంచే పని ఇప్పటికే సర్టిఫై అయిన ల్యాబ్‌తో ఒప్పందం చేసుకుని, మీరు డీఎన్ఏ మాత్రమే తెచ్చుకోండి. గది కట్టడం కన్నా 24 గంటలూ నెగటివ్ ప్రెషర్ (గది గాలి బయటికి రాకుండా) నిలబెట్టడం, హెపా ఫిల్టర్ల పరీక్ష, శిక్షణ ఉన్న మనుషుల జీతాలే ఏటేటా మింగేస్తాయి. గ్రాంట్ అయిపోగానే తాళం పడేది ఆ గదికే.

బ్లాంక్‌ట్యూబ్:
ఒక్క షరతు. ‘చంపేశాం’ అని వాళ్లు చెప్తే నమ్మి తెచ్చుకోవద్దు. అమెరికా సైన్యం డగ్‌వే కేంద్రం గామా కిరణాలతో చంపామనుకున్న ఆంత్రాక్స్ స్పోర్లు బతికే ఉన్నాయని 2015లో బయటపడింది, అప్పటికే ఏళ్ల తరబడి ఎన్నో ల్యాబ్‌లకు వెళ్లిపోయాయి. డీఎన్ఏని 0.1 మైక్రాన్ ఫిల్టర్ దాటించి, అందులో పదో వంతు కల్చర్ పెట్టి, ఏమీ మొలవలేదన్న కాగితం వచ్చాకే గది దాటించాలి.

సెక్షన్63:
నాకు కొంచెం అభ్యంతరం ఉంది. వేరే ల్యాబ్ మీద ఆధారపడితే కేసు వచ్చిన రోజు వాళ్ల క్యూలో నిలబడాలి. అందుకే ఒప్పందంలో ఇవి రాసుకోండి: కేసు శాంపిల్ ఎన్ని గంటల్లో తీసుకుంటారు, నిరాకరిస్తే రెండో ల్యాబ్ ఏది, శాంపిల్‌ని మూడు భాగాలు చేస్తే (పరీక్షకి, మళ్లీ పరీక్షకి, కోర్టుకి) మూడోది ఎవరి ఫ్రీజర్‌లో ఉంటుంది, కేసు నడుస్తుండగా పేపర్ పబ్లిష్ చేయడానికి ఎవరి అనుమతి కావాలి. భాగస్వాములు కొట్టుకునేది ఈ చివరిదాని మీదే. పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్‌ని కేసు డేటా మీద పెట్టకండి, కేసు ముగిసేదాకా ఆ పిల్లకి డిగ్రీ రాదు.