పాత మంగలి కత్తి, గెడ్డం కింద లాగేస్తోంది. చెయ్యి తప్పా, కత్తి తప్పా?

పర్లాకిమిడి_కుర్రోడు:
అన్నలూ నమస్తే. మూడు బ్లేడ్ల రేజర్లు మానేసి మడత కత్తితో గీసుకోవడం నేర్చుకుంటున్నాను. కత్తి బరంపురంలో పాత సామాన్లు అమ్మే ఆయన దగ్గర దొరికింది, షెఫీల్డ్ అని, కింద ఇంగ్లండ్ అని చెక్కి ఉంది, పిడి నల్లటి కొమ్ము, పిడికి ఇటూ అటూ ఉండే రెండు రేకుల్లో ఒకటి కొంచెం వంగింది. తుప్పు చుక్కలు వీపు మీదే ఉన్నాయి, వాదర (కోసే అంచు) దాకా రాలేదు. బజార్లో కత్తెర్లు సానపట్టే ఆయన చక్రం మీద పట్టి ఇచ్చాడు, వేలికి పదునుగానే తగుల్తోంది. బుగ్గల మీద ఏదోలా పోతోంది గాని గెడ్డం కిందకి, మెడ మీదకి వచ్చేసరికి వెంట్రుక తెగకుండా లాగుతోంది, తర్వాత సాయంత్రం దాకా ఒకటే మంట. మా వీధిలో సెలూన్ ఆయనేమో ఇదంతా ఎందుకు బాబూ, సగం బ్లేడు పెట్టే కత్తి కొనుక్కో, ముందు దాని మీద చెయ్యి తిరగనీ అంటున్నాడు. అలాగే చెయ్యాలా? ఇంతకీ లోపం నా చేతిలోనా, కత్తిలోనా?

గుణుపూర్_బావ:
సగం బ్లేడు కత్తి గురించి నేను చెప్తాను, మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు. సెలూన్లలో అది వచ్చింది రోగాల భయంతో, ఒకే కత్తి పదిమందికి వాడితే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటివి అంటుకోవచ్చని, అందుకే మనిషికో కొత్త ముక్క, మామూలు బ్లేడుని కాగితంతో పాటే మధ్యకి విరిచి సగం దూర్చుతారు. వాళ్ళ పనికి అదే కరెక్టు. కానీ నువ్వు ఇంట్లో నీ మొహానికి నువ్వే గీసుకుంటున్నావు కదా తమ్ముడూ. ఆ కత్తి తేలిక, బరువు లేదు కాబట్టి తెలీకుండానే చెయ్యి అదిమేస్తుంది, కొత్త బ్లేడు పదునుకి తెగితే లోతుగా తెగుతుంది. పైగా కత్తిని తోలు పట్టీ మీద రుద్ది పదును సరిచేసుకునే అలవాటు దానితో రాదు, నీ మడత కత్తి లాంటి పెద్ద కత్తికి సగం విద్య అక్కడే ఉంది. దాని మీద నేర్చుకుని దీనికొస్తే మళ్ళీ మొదటి నుంచే. నీకు పెద్ద కత్తే కావాలంటే పెద్ద కత్తితోనే నేర్చుకో. రోజూ ఆఫీసుకి పరుగెత్తేవాడివైతే మాత్రం సెలూన్ ఆయన మాట విను, అందులో తప్పేం లేదు.

ఇంకోటి, అమెరికాకి వెళ్ళే సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి ఉండాలని వాళ్ళు 1890లో చట్టం చేశారు, 1891 నుంచి అమలు. అందుకే ఊరు పేరు కింద ఇంగ్లండ్ అని విడిగా ఉన్న కత్తులు చాలావరకు ఆ తర్వాతవే అంటారు. నీది నూరేళ్ళ కత్తి కూడా అయ్యుండొచ్చు, చూసి వాడు.

సెలూన్_వారి_అబ్బాయి (రాయగడ):
చక్రం అనగానే గుండె ఆగినంత పనైంది అండీ. మా తాతగారు, నాన్నగారు ఇద్దరూ ఇదే పనిలో ఉన్నారు, కత్తెరని చక్రం ఆయనకి ఇచ్చేవారేమో గాని గడ్డం కత్తిని మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. కత్తి లోపలివైపుకి బోలుగా, పల్చగా చెక్కి ఉంటుంది, వాదర దగ్గర కాగితంలా ఉంటుంది, అంత పల్చటి ఉక్కు చక్రం మీద సెకన్లలో కాలిపోతుంది. ముందు ఒక పని చెయ్యండి. పట్టపగలు కిటికీ దగ్గర కూర్చుని బూతద్దంతో వాదర పొడవునా చూడండి. ఎక్కడైనా ఎండుగడ్డి రంగో, నీలం మచ్చో కనిపిస్తే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, నీలం అంటే దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కిందన్నమాట, ఆ మేర మొత్తం అరగదీస్తే తప్ప పదును నిలవదు. రంగు లేకుండా ఊరికే గరుకు గీతలే ఉంటే కత్తి బతికినట్టే.

మీరు వేలితో చూశానన్నారు చూడండి, అది కూరగాయల కత్తికి సరిపోతుంది, దీనికి కాదు. గరుకు వాదర వేలికి పదునుగా తగుల్తుంది గాని వెంట్రుకని కొయ్యదు, రంపంలా పీకుతుంది. బుగ్గ మీద వెంట్రుక మెత్తన కాబట్టి పోయింది, గెడ్డం దగ్గర ముదురు వెంట్రుక కాబట్టి దొరికిపోయింది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, ముందు కత్తి, చెయ్యి సంగతి తర్వాత.

నూరడానికి నీళ్ళ రాళ్ళు, అంటే నీళ్ళతో తడిపి వాడే సానరాళ్ళు కావాలి, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. 1000 నంబరు రాయి మీద రెండు వైపులా చెంపలు, అంటే వాదరకి ఇటూ అటూ ఉండే వాలు, సమంగా కుదరాలి, తర్వాత 4000 లేదా 5000, ఆ తర్వాత 8000, ఓపికుంటే 12000. హార్డ్‌వేర్ షాపులో వడ్రంగులు కొనే రాయి దీనికి పనికిరాదు, మరీ గరుకు. రాయి మీద కత్తిని పూర్తిగా పడుకోబెట్టాలి, వీపూ వాదరా రెండూ ఒకేసారి తగులుతూ ఉండాలి, కోణం మనం పట్టక్కర్లేదు, వీపు మందమే కోణం ఇస్తుంది, అదే ఈ కత్తి గొప్పదనం. రాయి మీద వాదర ముందు నడవాలి. తోలు మీద దానికి రివర్సు, వీపు ముందు, వాదర వెనక. చివర్లో తిప్పేటప్పుడు వీపు తోలుని వదలకుండా దొర్లించాలి, వాదరని ముందు లేపారో తోలూ పోతుంది, పదునూ పోతుంది. తోలు పట్టీ బిగువుగా లాగి పట్టుకోండి, వదులైతే వాదర గుండ్రమైపోతుంది. కత్తి బరువు తప్ప ఇంకేం మోపొద్దు. గీసుకునే ముందు ప్రతిసారీ ఓ యాభై అరవై సార్లు. మొదట్లో స్పీడు అసలొద్దు, సినిమాల్లో టపటపలాడించేది చూసి అందరూ అక్కడే పట్టీ కోసుకుంటారు.

పర్లాకిమిడి_కుర్రోడు:
బూతద్దంతో చూశాను అన్నా, నీలం ఎక్కడా లేదు, అడ్డంగా గీతలు మాత్రం బోలెడున్నాయి. కానీ కొసకి అంగుళం ఇవతల చిన్న మెరుపు, చుక్కలా, కత్తి తిప్పితే తళుక్కుమంటోంది. అదేంటి? తోలు పట్టీ లేదు, పాత బెల్టు సరిపోతుందా?

సెలూన్_వారి_అబ్బాయి (రాయగడ):
మెరుపంటే అక్కడ వాదర చదునైందని. పదునైన అంచు వెలుతురుని వెనక్కి కొట్టదు, నల్లగీతలా ఉంటుంది. మీ పిడి రేకు వంగిందన్నారు కదా, మెల్లగా మూస్తూ పైనుంచి చూడండి, సరిగ్గా ఆ చోటే రేకుకి రాసుకుంటోందని నా అనుమానం. అలా ఉంటే ఎంత నూరించినా లాభం లేదు, మూసిన ప్రతిసారీ మొద్దుబారుతుంది.

బెల్టు నున్నటి అసలు తోలైతే, కుట్లు, అచ్చులు లేకపోతే, కొన్నాళ్ళకి పర్లేదు. రెక్సిన్ వద్దు. పదును మెరుగుపెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు వేరే తోలు ముక్కకి రాసుకోండి, రోజువారీ పట్టీకి పూయకండి.

కొరాపుట్_కాఫీ:
పిడి గురించి పర్లాకిమిడి మనిషి ఎవర్నో అడగడమేంటి బాబూ, కొమ్ము పనికి మీ ఊరే పేరు కదా! దువ్వెనలూ పక్షులూ చేసేవాళ్ళని అడుగు, కొమ్ము వేడికి మెత్తబడుతుంది, సరిచేసి చల్లారేదాకా అదిమి ఉంచితే అలాగే నిలబడుతుంది, వాళ్ళకిది రోజూ చేసే పని. పిన్నులు తీయించి రేకు ఒక్కటే ఇవ్వు, కత్తితో పాటు వేడి చెయ్యనివ్వకు.

ఇక చెయ్యి సంగతి, అదీ ఉంది కదా. స్నానం అయ్యాకే గీసుకో, వెంట్రుక నాని ఉంటుంది. డబ్బా నురుగు త్వరగా ఆరిపోతుంది, బ్రష్షూ సబ్బూ వాడు, నురుగు పెరుగులా తడిగా ఉండాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే నురుగు రాదు, కాచిన మంచినీళ్ళు ఒక గ్లాసు చాలు. కత్తి వీపుకీ చర్మానికీ మధ్య ఎడం ఆ వీపు మందానికి ఒకటిన్నర, రెండింతలు, అంటే సుమారు 30 డిగ్రీలు, అంతకంటే నిటారైతే గీకుతుంది, మరీ పడుకుంటే పీకుతుంది. రెండో చేత్తో చర్మం బిగించడం కత్తి పట్టుకోవడమంత పని. దవడ ఎముక మీద గీసే బదులు కింది చర్మాన్ని పైకి లాగి బుగ్గ మీదకి తెచ్చుకుని గీసుకో. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకి జరుపు. అడ్డంగా మాత్రం ఎప్పుడూ జరపకు, నాలుగు వారాలు మానని గీత అలాగే పడుతుంది.

మెడ మీద వెంట్రుక అందరికీ కిందకే ఉండదు, కొంతమందికి పక్కకి తిరిగి ఉంటుంది. రెండు రోజులు పెరగనిచ్చి వేలితో తడిమి చూస్తే ఎటు నున్నగా పోతోందో తెలుస్తుంది, అటే గీయి. ఎదురు గీత కొన్ని నెలలు మర్చిపో. కత్తి చేజారిందా, పట్టుకోబోకు, పడనీ. సింకులో తువ్వాలు వేసి ఉంచు.

గుణుపూర్_బావ:
మంట ఆగేదాకా మెడ వదిలేసి బుగ్గలొకటే చేసుకో, మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వు. తర్వాత చన్నీళ్ళు, తడి పటిక రాసి కడిగేసుకో. మా ఇంట్లో మంగళవారం మనవాళ్ళ లెక్కన, గురువారం ఒడియా పక్కింటి వాళ్ళ లెక్కన, రెండూ క్షవరానికి నిషేధం, చర్మానికి ఆ రెస్టు ఊరికే దొరుకుతోంది.

పర్లాకిమిడి_కుర్రోడు:
అన్నా నువ్వు చెప్పిందే, మూస్తుంటే సరిగ్గా ఆ చుక్క దగ్గరే రేకు తగుల్తోంది, చీకట్లో వెనక టార్చి పెట్టి చూస్తే స్పష్టంగా కనిపించింది. కొమ్ము పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను, రేకు నిటారు చేసి ఇస్తానన్నాడు, కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి ఇది గేదె కొమ్మే, మంచిది అన్నాడు. రాళ్ళు ఆర్డరు పెట్టాలి. ఈలోగా తుప్పు రాకుండా ఏం రాయాలి? వర్షాకాలం ఇక్కడ గోడలే చెమటలు పడతాయి.

సెలూన్_వారి_అబ్బాయి (రాయగడ):
కుట్టుమిషన్ నూనె, పల్చగా. కొబ్బరినూనె పాతబడితే జిగురుగా పేరుకుంటుంది, దాన్ని కొమ్ముకి రాయండి, ఉక్కుకి కాదు. బాత్రూంలో పెట్టకండి. పిన్నులు మళ్ళీ కొట్టించేటప్పుడు మరీ బిగించనివ్వొద్దు, కత్తి తెరిస్తే పెట్టిన చోటే ఆగాలి, ఒంటిచేత్తో మూయగలగాలి, మూసినప్పుడు రెండు రేకుల మధ్యలో దేనికీ తగలకుండా పడాలి. రాళ్ళు వచ్చాక 1000 మీద మొదలుపెట్టే ముందు వాదర ఫొటో దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి, ఎంత అరగదీయాలో చూసి చెప్తాను.