జామాయిల్ మోళ్లు గంపగుత్తకు ఇవ్వాలా, కాటా వేయించి ఇవ్వాలా?

మెట్టరైతు:
మాది ఖమ్మం జిల్లా. నాలుగెకరాల జామాయిల్ తోట మూడు కోతలు అయింది. పిలకలు సన్నబడ్డాయి కాబట్టి మోళ్లు పెకలించి మొక్కజొన్న వేద్దామనుకుంటున్నాను. కలప కొన్న వ్యాపారి "మోళ్లు మేమే తీసుకుపోతాం, పొక్లెయిన్ ఖర్చు మాదే, మీకు మాత్రం ఏమీ ఇవ్వం" అంటున్నాడు. అవి ఇటుక బట్టీకి పోతాయట. ఎకరానికి ఎన్ని టన్నుల కట్టె నేలలో ఉందో తెలియకుండా తల ఊపడం నాకు ఇష్టం లేదు. ఎలా లెక్కించాలి?

అటవీ_లెక్కలు:
సులువే. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొడి ఉష్ణమండల అడవులకు వేరుకూ పైభాగానికీ మధ్య నిష్పత్తి ఉంది. హెక్టారుకు పైభాగం పొడి బరువు 20 టన్నుల లోపైతే 0.56, దాటితే 0.28. ఆఖరి కోతలో ఎకరానికి 20 టన్నుల పచ్చి కలప వచ్చిందనుకోండి. సగం నీరు పోగా 10 టన్నులు, అంటే హెక్టారుకు 25. కాబట్టి 0.28 వేయాలి. ఎకరానికి 2.8 టన్నుల పొడి కట్టె.

బాయిలర్_పక్కన:
ఆ నిష్పత్తి చెట్లలో ఎంత కర్బనం ఉందో చెప్పే లెక్కల కోసం. కట్టె అమ్ముకునేవారి కోసం కాదు. అందులో పొక్లెయిన్ పళ్లకు చిక్కని సన్న వేర్లు కూడా కలుస్తాయి. పైగా ఆ నిర్వచనంలో నేలమీద కనిపించే మోడు పైభాగం ఖాతాలోకి పోతుంది, వేర్ల ఖాతాలోకి రాదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. చివరికి వచ్చిన అంకె ఏమి చెబుతున్నట్టు?

నీలగిరి_నర్సరీ:
అసలు చిక్కు ఇంకోటి ఉంది. మెట్టరైతు గారి తోటలో పైనున్న కొమ్మ వయసు నాలుగైదేళ్లు, కింద ఉన్న వేరు వయసు మూడు కోతల కాలం. నరికిన ప్రతిసారీ పైభాగం సున్నా నుంచి మొదలైంది, మొదలు మాత్రం లావెక్కుతూనే ఉంది. కాబట్టి ఆఖరి కోత బరువును 0.28తో గుణిస్తే రైతే నష్టపోతాడు. పిలకలు సన్నబడ్డకొద్దీ ఈ లెక్క ఇంకా తక్కువ చూపిస్తుంది! కొమ్మ ముక్కల నుంచి పెంచిన క్లోన్ మొక్కలకైతే గింజ మొక్కల్లాంటి తల్లివేరు ఉండదు, పక్క వేర్లే ఎక్కువ. ఆ తేడానూ ఈ నిష్పత్తి పట్టించుకోదు.

స్వీడన్‌లో 1988లో మార్క్‌లుండ్, 2006లో పీటర్సన్, స్టోల్ అనే పరిశోధకులు చెట్టు, వేరు బరువు అంచనాకు సూత్రాలు కట్టింది స్ప్రూస్, పైన్ లాంటి అక్కడి చెట్లకు, రొమ్ము ఎత్తున కొలిచిన వ్యాసం ఆధారంగా. ఆ అంకెలు తెచ్చి జామాయిల్‌కు అంటించకూడదు, పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. మనకు మిగిలింది మోడే కాబట్టి నేల దగ్గర చుట్టుకొలత తీసుకోండి. సన్నవి, మధ్యరకం, లావువి కొన్ని పెకలించి, మట్టి దులిపి, విడివిడిగా తూచండి. ఏ కొలతకు ఎంత బరువో పట్టిక చేస్తే మిగతా తోటకు అదే లెక్క.

అటవీ_లెక్కలు:
పిలకల మాట ఒప్పుకుంటాను. కానీ రైతును వేర్లు తూచమనడం కన్నా మోడు ఘనపరిమాణం లెక్కిస్తే చాలదా? 15 సెంటీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు, ఘనమీటరుకు 600 కిలోల పొడి బరువు అనుకుంటే మోడుకు 1.6 కిలోలు. 3×2 మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 674 మొక్కలు. కంటికి కనిపించేదే టన్ను దాటింది.

నీలగిరి_నర్సరీ:
కంటికి కనిపించేదే మోసం చేస్తుందండీ. మూడు కోతల మోడును అడ్డంగా కోసి చూడండి. అంచు గట్టిగా ఉంటుంది, నడుమ చెద తిని మట్టి నింపి ఉంటుంది. గుండ్రటి దిమ్మ అనుకుని లెక్కవేస్తే ఆ మట్టికీ ధర కట్టినట్టే. ఆ 674లో చచ్చినవెన్నో కూడా నడిచి లెక్కపెట్టాల్సిందే.

ఎర్రనేల:
అమ్మకం లెక్క సరే, నేల సంగతి ఎవరూ అడగరేమి? మోడుతో పాటు పైమట్టి లేస్తుంది, అడుగు మట్టి పైకొస్తుంది. ఫిన్‌లాండ్‌లో స్ప్రూస్ మోళ్లు తీసేచోట కూడా కొన్నింటిని నేలలోనే వదిలేస్తారు. తీస్తే వేరుకుళ్లు తెగులు తగ్గుతుందన్న లాభం వాళ్లకుంది. మనకేముంది?

మెట్టరైతు:
మనకు దుక్కి సాగుతుందండీ. మోడు వదిలేస్తే నాగలి కర్రు విరుగుతుంది, పిలకలు మళ్లీ లేస్తాయి. తీయడం ఖాయం. వ్యాపారిని కాటాకు రమ్మంటే, మట్టికి సగం తరుగు తీస్తానంటున్నాడు.

బాయిలర్_పక్కన:
సగం అన్యాయం, కానీ తరుగు న్యాయమే. ఇటుక బట్టీ సంగతి ఎలా ఉన్నా, మట్టి బాయిలర్‌లోకి పోతే బూడిద పెరిగి, కట్టె మండే ఇనుప జాలీ మీద గట్టి ముద్దలు కడుతుంది. వెంటనే తూకం వేయకండి. ఫిన్‌లాండ్‌లో మోళ్లను చీల్చి కుప్ప పోసి నెలల తరబడి వదిలేస్తారు, వానకు మట్టి కడిగిపోతుంది, గాలికి ఆరుతుంది. సగం నీరున్న కట్టె కిలోకు దాదాపు 2,000 కిలోకేలరీలే ఇస్తుంది. ఐదో వంతు నీరు మిగిలేదాకా ఆరితే 3,500. ఆరిన సరుకుకు టన్ను ధర ఎక్కువ అడగండి.

మెట్టరైతు:
కుప్ప గట్టు మీద వేయిస్తాను. తరుగు ఎంతో మాత్రం ఒక కుప్ప కడిగించి, ముందూ తర్వాతా తూచాకే మాట్లాడతాను. కాటా లెక్కకైతే పొక్లెయిన్ అద్దె ఎవరిదన్న పేచీ ఇంకా తేలలేదు.