సూజా మార్చ్ (కవాతు పాట) సగం అయ్యాక శ్రుతి ఎందుకు మారిపోతుంది? మా పాప 'పికలో' (బుల్లి ఫ్లూట్) వాయించాలి

ప్రశ్న (వర్జీనియా నుంచి ఒక నాన్న)

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి, స్కూల్ బ్యాండ్‌లో ఫ్లూట్ వాయిస్తుంది. మే నెల కచేరీలో జాన్ ఫిలిప్ సూజా రాసిన 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' ఉంది. అందులో పికలో ముక్కకి టీచర్ తననే ఎంచుకున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అన్నానికి పిలిస్తే చేతులు కడుక్కుంటూ కూడా నోటితో అదే ట్రిల్లు (పక్కపక్క స్వరాలు రెండూ గబగబా మార్చి వాయించడం).

చిన్నప్పుడు విజయవాడలో నేను మూడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. కృతి ఎంత దూరం తిరిగినా పల్లవికి వచ్చి ఆగుతుంది. ఈ మార్చ్ మాత్రం సగం అయ్యాక శ్రుతి మార్చుకుని వెళ్ళిపోతుంది, మొదటి పాటకి మళ్ళీ రాదు. ఎందుకలా? అసలు ఈ సూజా ఎవరు? పాప అడుగుతోంది, నాకు చెప్పడం రావట్లేదు.

జవాబు 1

కొందరు సౌసా అంటారు కానీ, అమెరికాలో మీరు రాసినట్టు సూజా అనే అంటారు. తండ్రిది పోర్చుగీసు కుటుంబం, తల్లి జర్మన్. బ్యాండ్‌లో ఒంటికి చుట్టుకుని భుజం మీద మోసే పెద్ద బూర ఉంటుందే, సూజాఫోన్, దానికి ఆయన పేరే పెట్టారు.

జవాబు 2 (సికిందరాబాద్)

బాబూ, నేను సైనిక బ్యాండ్‌లో 24 ఏళ్ళు క్లారినెట్ వాయించి రిటైరయ్యాను. సూజా మార్చ్‌లు ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆయన 1854 నవంబర్ 6న వాషింగ్టన్‌లో, మెరైన్ సైనికులుండే మెరైన్ బ్యారక్స్ దగ్గర్లోనే పుట్టాడు. తండ్రి ఆ సైనికుల మెరైన్ బ్యాండ్‌లో ట్రాంబోన్ (జరిపే గొట్టమున్న ఇత్తడి బూర) వాయించేవాడు. 13 ఏళ్ళప్పుడు కుర్రాడు సర్కస్ బ్యాండ్‌తో పారిపోదామనుకున్నాడు. సంగతి తెలిసి తండ్రి తిట్టలేదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి 1868లో మెరైన్ బ్యాండ్‌లోనే అప్రెంటిస్‌గా చేర్పించాడు. నాకు ఈ తండ్రంటే ఎంతో గౌరవం. కొన్నేళ్ళకి పిల్లవాడు బయటికొచ్చి థియేటర్లలో వయొలిన్ వాయించాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. 1880లో అదే మెరైన్ బ్యాండ్‌కి నాయకుడై తిరిగొచ్చాడు. అప్పటికి 25 ఏళ్ళు. 1892 దాకా, ఐదుగురు అధ్యక్షులు మారినా ఆయనే ఉన్నాడు.

ఆ పన్నెండేళ్ళలో రాసినవే నాకు ఎక్కువ ఇష్టం. 1888లో 'సెంపర్ ఫిడెలిస్': మధ్యలో డ్రమ్ములు మాత్రమే మోగి, వాటి మీద బ్యూగిల్ పిలుపు లేస్తుంది. కవాతులో నడిచినవాడికి ఆ చోట కాలు తనంతట తనే లేస్తుంది. 1889 జూన్‌లో 'వాషింగ్టన్ పోస్ట్': ఆ పత్రిక పిల్లలకి వ్యాసాల పోటీ పెట్టి, బహుమతులిచ్చే సభ కోసం రాయించుకుంది. అడుగుకి మూడేసి అక్షరాలు, మన తిశ్రగతి. టూ-స్టెప్ డాన్స్‌కి అది అతికినట్టు సరిపోయి అమెరికా, యూరప్ అంతా పాకింది. కానీ పబ్లిషర్‌కి ఆయన దాన్ని అమ్ముకున్నది 35 డాలర్లకి. మరుసటి ఏడాది 'హైస్కూల్ కేడెట్స్' ఇచ్చేసింది 25కి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక నీ ప్రశ్న. మార్చ్‌లో రెండో సగాన్ని ట్రయో అంటారు. మీ పాప వాయించేది ఈ-ఫ్లాట్ శ్రుతిలో మొదలై ట్రయోలో ఏ-ఫ్లాట్ శ్రుతికి వెళ్తుంది. అంటే మధ్యమాన్ని (మ) షడ్జం (స) చేసుకోవడం. నువ్వు వయొలిన్ నేర్చుకున్నావు కాబట్టి ఒక్క మాటలో చెప్తాను: మధ్యమ శ్రుతి. పెద్ద కృతులు అయిపోయాక విద్వాంసులు పున్నాగవరాళినో నవరోజునో మధ్యమ శ్రుతిలో పాడితే హాలంతా మెత్తబడుతుంది చూడు, అలాంటి మార్పే ఇక్కడా జరుగుతుంది. పాత మార్చ్‌లు ట్రయో తర్వాత మళ్ళీ మొదటికి వెళ్ళేవి. సూజా చాలావాటిలో ఆ తిరుగుప్రయాణం తీసేశాడు. ట్రయోనే మళ్ళీ మళ్ళీ తెచ్చి, ప్రతిసారీ ఒక పొర కలిపి, పైన ఉండగానే ముగించాడు.

ఈ మార్చ్ పుట్టింది సముద్రం మీద. 1896 చివర్లో భార్యతో యూరప్‌లో సెలవుల్లో ఉండగా, ఆయన సొంత బ్యాండ్ మేనేజర్ బ్లేక్లీ పోయాడని కబురొచ్చింది. 'ట్యూటానిక్' అనే ఓడలో తిరుగుప్రయాణం. డెక్ మీద పచార్లు చేస్తుంటే తలలో బ్యాండ్ మోగుతూనే ఉందట. ఇల్లు చేరి, క్రిస్మస్ నాడు కాగితం మీద పెట్టాడు.

పాపకి ఇది చెప్పు. ట్రయో మొదటిసారి మెత్తగా వస్తుంది. తర్వాత బ్రాస్ వాళ్ళు (ఇత్తడి బూరలవాళ్ళు) పోట్లాడుకున్నట్టుండే ముక్క. రెండోసారి ట్రయోలోనే పికలో. మళ్ళీ పోట్లాట, చివరిసారి ట్రాంబోన్లు కూడా కలుస్తాయి. పికలో గట్టిగా ఊదక్కర్లేదు. అది అందరికన్నా పైన ఉంటుంది, దానంతట అదే వినిపిస్తుంది. తగ్గాల్సింది మేమే. మా బ్యాండ్ మాస్టరు క్లారినెట్ల ముందుకొచ్చి అరచెయ్యి నేలవైపు పెట్టి నిలబడేవారు, పికలో ఊపిరి తీసుకునే చప్పుడు మాకు వినబడేంత దాకా ఆ చెయ్యి లేపేవారు కాదు. మా పికలో వాయించే అతను ముందు ముక్కలో చివరి రెండు బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) వదిలేసి, నీళ్ళు దులుపుకుని, భుజాలు దించి లేచి నిలబడేవాడు. పాపని కూడా ఆ రెండు బార్లు వదిలెయ్యమను, టీచర్‌ని అడిగి.

జవాబు 3

వర్జీనియాలో ఉన్నారంటే ఆయన సమాధి మీకు దగ్గరే, వాషింగ్టన్‌లోని కాంగ్రెషనల్ సిమెట్రీ. ఏటా నవంబర్ 6న మెరైన్ బ్యాండ్ వాళ్ళు అక్కడికి వస్తారు. 1932 మార్చిలో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో ఒక బ్యాండ్‌తో రిహార్సల్ చేసి, ఆ రాత్రే హోటల్లో పోయారు. చివరగా నడిపించింది మీ పాప వాయించే మార్చే.

ప్రశ్న అడిగిన నాన్న

సికిందరాబాద్ బాబాయి గారికి పాదాభివందనం. రాత్రి వయొలిన్ తీసి దుమ్ము తుడిచి, ముందు మామూలు శ్రుతిలో, తర్వాత మధ్యమ శ్రుతిలో ట్రయో వాయించి చూపించాను. పాప తలూపింది. టీచర్ రెండు బార్లు వదలడానికి ఒప్పుకున్నారు. ఈరోజు వంటింటి గుమ్మంలో నిలబడి భుజాలు దించి వాయించింది, ట్రిల్లు ఒక్కటీ తెగలేదు. ఇంకో సందేహం, బాబాయి గారూ: నిలబడినప్పుడు నోట్స్ స్టాండు ఎంత ఎత్తులో పెట్టాలి?