పీ వ్యాల్యూ 0.08 వస్తే "తేడా లేదు" అని రాయొచ్చా?

నమస్కారమండీ. హైదరాబాద్‌లో సోషియాలజీ ఎంఏ చేస్తున్నాను. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం వల్ల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇంకాస్త దూరం వెళ్లి పని వెతుక్కుంటున్నారా అన్నది నా ప్రాజెక్టు. కోఠి, మెహిదీపట్నం బస్టాపుల్లో 64 మందిని అడిగాను. రోజూ బస్సెక్కేవాళ్లు, అప్పుడప్పుడు ఎక్కేవాళ్లు అని విడదీసి, పనిచోటు మారిందా లేదా అని కై స్క్వేర్ (రెండు విషయాలకు సంబంధం ఉందా అని చూసే గణాంక పరీక్ష) చేస్తే పీ వ్యాల్యూ (నిజానికి తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.08 వచ్చింది. మామూలుగా పెట్టుకునే 0.05 హద్దు దాటింది కాబట్టి శూన్య పరికల్పనను, అంటే తేడా ఏమీ లేదన్న ఊహను, తోసిపుచ్చలేను. అంతమాత్రాన అది నిజమని తేలినట్టు కాదు కదా? "తేడా ఉందని చెప్పడానికి ఈ ఆధారం చాలదు" అని రాస్తే సరిపోతుందా?

అసలు భయం వేరే ఉంది. బస్టాపులో నిలబడి అడిగితే బస్సెక్కేవాళ్లే దొరుకుతారు! పైగా పథకానికి ముందు సంగతి వాళ్ల జ్ఞాపకం మీదే ఆధారపడి రాసుకున్నాను. టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒకామె, "అప్పుడు ఆటోకే సగం పోయేది బిడ్డా, అందుకే దూరం పోలే" అంది. ఆ మాట నా టేబుల్లో ఎక్కడా పట్టట్లేదు.

బస్తీల్లో ఇంటింటికీ తిరిగి శాంపిల్ మళ్లీ తీయాలా, లేక ఉన్నదానికి లోతైన ఇంటర్వ్యూలు కలపాలా? మూడు వారాలే టైముంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి సర్వే చేసినవాళ్లు దయచేసి చెప్పండి.